రాజమల్లు విరవలేని కొమ్ము

ఆర్మూరు మార్కెట్లో రాజమల్లు మాటంటే మాటే. వ్యాపారుల తరఫున పసుపు చూసి ధర చెప్పడం అతని పని. కుప్పలోంచి కొమ్ము తీస్తాడు, టక్కున విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు. మెరుపు చూసి కొనేవాళ్లంటే అతనికి నవ్వు. పైన పటారం, లోన లొటారం అంటాడు.

ఆ పొద్దున కమ్మర్‌పల్లి రైతు ముత్తెన్న కుప్ప దగ్గర కొమ్ము విరగలేదు. ఇంకోటి తీశాడు. అదీ విరగలేదు.

"పచ్చిగున్నది. ఎండలే," అన్నాడు రాజమల్లు.

ముత్తెన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంటిల్లిపాది కావలి కూసోని ఎండబెట్టినం! పచ్చిదంటవా?" అంటూ అదే కొమ్ము లాక్కుని విరిచాడు. టక్కుమంది. చుట్టూ నవ్వులు.

రాజమల్లు పౌరుషంగా మరో కొమ్ము పట్టుకున్నాడు. అది వేళ్లలోంచి జారిపోయింది. తిట్టబోతే నాలుక మడతపడింది, మూతి పక్కకు పోయింది. ముత్తెన్న కోపం ఎటుపోయిందో!

"రాజన్నా, పసుపు మంచిగనే ఉన్నది. నీ చెయ్యే మంచిగ లేదు. నడువు దవాఖానకు!"

గాలి సోకింది, నిమ్మకాయ తెమ్మన్నాడో పెద్దమనిషి. సలహాలకేం కరువు! ముత్తెన్న వినలేదు. కుప్పను అక్కడే వదిలేసి, రాజమల్లును ఆటోలో వేసుకుని నిజామాబాద్ పోయాడు.

"ఎప్పుడు మొదలైంది?" డాక్టర్ మానస ముందు అడిగింది అదే.

"బేరంకాడనే మేడం. గంటయిందో లేదో. అంతకుముందు చాయ్ గ్లాసు గా చేత్తోనే పట్టుకుండు."

వెంటనే సీటీ స్కాన్‌కు తీసుకుపోయారు. మిషన్‌లో పడుకున్న రాజమల్లుకు అన్నీ వినబడుతున్నాయి, నోరే పెగలడం లేదు. మాట రాకపోతే ధరెట్ల చెప్పాలి? చెయ్యి రాకపోతే బతుకెట్ల? అంత భయం అతనెన్నడూ ఎరగడు.

"మెదడులో రక్తం కారలేదు. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుంది, అంతే. గడ్డ కరిగే మందు ఇవ్వొచ్చు," అంది మానస. రక్తం కారి ఉంటే అదే మందు ప్రాణం తీసేదట. అందుకే స్కాన్ చూడందే ఇవ్వరు. రంగుమందు ఎక్కించి మళ్లీ తీస్తే అసలు దొంగ దొరికాడు: మెడలో నాళం సన్నబడింది, గడ్డ అక్కడినుంచే పైకి పోయింది.

సాయంత్రానికి వేళ్లు కదిలాయి. మాట కూడా వచ్చింది.

"మేడం, నన్ను ఇరవకుండనే లోపల చూసిండ్రా?"

మానస పకపకా నవ్వింది. ముత్తెన్న మాత్రం ఆ మాట విని ఏడ్చేశాడు.

మెడ నాళం బాగు చేయించుకుని, బీడీలు మానేసి, జేబులో మాత్రలతో రాజమల్లు మళ్లీ మార్కెట్‌కొచ్చాడు. ముత్తెన్న రుమాలు విప్పి ఒక కొమ్ము చేతిలో పెట్టాడు.

"ఆ దినం నీ చేతులకెళ్లి జారింది గిదే. జర చూసి చెప్పు."

రాజమల్లు వేళ్లు బిగించాడు. టక్! లోపల నిగనిగలాడే రంగు. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మస్తు ఎండింది ముత్తెన్నా. ఆ దినం నాదే తప్పు."

"గీ మాట కోసమే దాచిపెట్టిన," అన్నాడు ముత్తెన్న. "కానీ నువ్వు గా తప్పు మాట అనకపోతే నేను కొట్లాడకపోదును. నువ్వు ఇయ్యాల ఉండకపోదువు."