పదింతలు చేసిన మిట్ట

1979 వేసవిలో నన్ను నంద్యాల నీటిపారుదల డివిజన్‌లో జూనియర్ ఇంజినీర్‌గా వేశారు. డివిజన్‌కు పెద్ద ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్. ఆయన్ని మేమంతా ఇ.ఇ. గారు అనేవాళ్లం. కాలువ పని చూస్తానని వెళ్లిన నాకు ఆయన నేల నమూనా చేసే పని అప్పగించారు.

ఆళ్లగడ్డ వైపు తవ్వబోయే ఒక పిల్లకాలువ గట్టు వాగుకు అడ్డంగా పోతుంది. వాగు నీరు దాటిపోవడానికి గట్టు కింద రెండు తూములు ప్రతిపాదించారు. గట్టుకు ఎగువన ఒక పాలెం ఉంది. వరదొస్తే నీళ్లు వెనక్కి తన్ని ఇళ్లమీదికొస్తాయని అక్కడివాళ్ల భయం. మ్యాపులు చూపిస్తే వాళ్లకు గీతలే కనిపించాయి.

మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల్ని కాంటూర్లంటారు. ఒక్కో కాంటూరు ఆకారంలో అట్ట కోసి, ఒకదానిమీద ఒకటి అంటించి, మెట్లు కనపడకుండా ప్లాస్టర్ పూశాను. ఆ నేల దాదాపు చదును. ఉన్నదున్నట్టు చేస్తే మిట్టేదో పల్లమేదో కంటికి ఆనదు. అందుకని ఎత్తును మాత్రం పదింతలు చేశాం. మా వృత్తిలో అది మామూలే. ఆ సంగతి ఒక మూల రాసి ఊరుకుంటాం.

పాలెం బడిలో బల్లమీద నమూనా పెట్టాం. చర్చి సంఘపెద్ద శామ్యూలు వాగు దగ్గర వేలు పెట్టి, ఇళ్ల దాకా నెమ్మదిగా పైకి జరిపాడు. ఆయన ముఖం విప్పారింది.

"మా ఇండ్లు ఇంత మిట్టన ఉండాయా సారూ! ఇంగ యాడిదప్పా బయం?"

అందరూ నవ్వారు. ఇ.ఇ. గారు తృప్తిగా లేచారు. నేను మాత్రం బల్ల దగ్గరే నిలబడ్డాను. వాళ్లను నమ్మించింది నేల కాదు, నేను పూసిన ప్లాస్టర్. ఒక్క మాట అని ఆపి, ఎత్తు పదింతలు చేశామని చెప్పాను.

బడి టీచరు ఎస్తేరమ్మ ముందుకొచ్చింది. "అట్లయితే నిజంగా మేం ఎంత మిట్టన ఉండాం? ఈడ చూపియ్యండి సార్."

వాగు పక్కన ఒక అగ్గిపుల్ల పడుకోబెట్టి, ఈ నమూనా కొలతలో వాళ్ల మిట్ట దాని మందమంతేనన్నాను.

"మరి ఇట్లెందుకు చేసినారు?" అన్నాడు శామ్యూలు.

"కంటికి కనపడాలని."

"కనపడింది గాని, ఉండేది అది గాదు కదప్పా."

జీపులో ఇ.ఇ. గారు, అంతా సరేనన్నాక నోరు విప్పడమెందుకని విసుక్కున్నారు. ఆఫీసు చేరాక ఆయనే పిలిచి, మిట్ట అంతే అయితే తూముల లెక్క నీళ్లతో పరీక్షించమన్నారు.

ఆఫీసు ఆవరణలో ఇటుక, సిమెంటుతో వాగుకు, గట్టుకు పెద్ద నమూనా కట్టాం. ఈసారి పొడవుకూ ఎత్తుకూ ఒకే కొలత. పెద్ద వరదకు సరిపడా నీరు వదిలితే రెండు తూములు చాల్లేదు. గట్టు వెనక నీరు పేరుకుని, పాలెం గుర్తుగా పెట్టిన ఇటుకల్లో కింది వరుసను తాకింది. నాలుగు తూములకు గాని దిగిపోలేదు. అంచనాలు మార్చి పైకి పంపారు. మంజూరు వచ్చేసరికి ఒక పంటకారు దాటిపోయింది. ఆ కాలువ నీళ్లకోసం చూస్తున్న దిగువ రైతులు ఆఫీసుకొచ్చి, నా బొమ్మలాట వల్ల పైరెండిపోయిందని తిట్టిపోశారు. వాళ్ల నష్టం నిజమే. నేను తలొంచుకుని విన్నాను.

చివరికి నాలుగు తూములతోనే కట్టారు. కొన్నేళ్లకు వాగు పొంగినప్పుడు వెళ్లి చూశాను. నీళ్లు గట్టు దగ్గర కాసేపు సుడి తిరిగి దాటిపోయాయి. పాలెంలో పొయ్యిలు వెలుగుతున్నాయి.

ఆ తర్వాత నమూనాలు చాలా చేశాను. ఎనభైల చివర కంప్యూటరు గీసిన కొండలూ లోయలూ చూశాను. నేర్చుకున్నది ఒకటే. నమూనా చూపేవాడు ఏ కొలతను ఎంత పెంచాడో ముందే నోటితో చెప్పాలి. చూశాక చెబితే, అప్పటికే నమ్మేసి ఉంటారు.