బూడిద పడిన అన్నం

నాకు షుగరు వచ్చింది, దంపుడు బియ్యం తినమన్నారు డాక్టరు గారు. డ్యూటీ నుంచొచ్చి వండి, కుక్కరు మూత తీస్తే ఆ తవుడు వాసనకి ఇబ్రహీంపట్నం గుర్తొచ్చింది.

చిన్నప్పుడు అక్కడ మా ఇంటి ముందు నుంచి ఇటుకబట్టీలకి థర్మల్ కరెంటు కేంద్రం బూడిద లారీలు పోయేవి. ఆరేసిన బట్టలన్నీ మాసిపోయేవి. పామర్రు నుంచి అమ్మమ్మ పంపిన దంపుడు బియ్యం మీద కూడా ఆ బూడిదే పడిందనుకున్నాను. బడిలో కొళాయి కింద క్యారేజీలో అన్నం కడిగాను. తెల్లబడలేదు. పారబోశాను. సాయంత్రం అమ్మకి చెప్పేశాను.

"బూడిద కాదే, తవుడు. బలం," అంది అమ్మ, నర్సు డ్యూటీ దిగొచ్చి ఇంకా చెప్పులైనా విప్పకుండా.

"నాకొద్దు."

మర్నాటి నుంచి తెల్లన్నం పెట్టింది. గెలిచాననుకున్నాను.

ఇవాళ మా అమ్మాయి కంచం తోసేసింది. "ఇదేంటమ్మా, మురిగ్గా ఉంది?"

చెబుదామని నోరు తెరిచాను. ఓపిక లేకపోయింది. దానికి తెల్లన్నం వండడానికి లేచాను.