మొదటి తీగను ఎవరు తెంపుతున్నారు

నా గిటారు మొదటి తీగ మూడు నెలల్లో నాలుగోసారి తెగినప్పుడు రిహార్సల్ గదిలో ఎవరూ నవ్వలేదు. మొదటి మూడుసార్లూ నవ్వారు. జోకు పాతబడిందని నాకప్పుడే అర్థమైంది.

మా బ్యాండులో అయిదుగురం. నడిపించేది కీబోర్డు వాయించే మాస్టారు. ఆయన పగలు ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెబుతారు, మిగిలిన ఫిజిక్సు సాయంత్రం మా మీద ప్రయోగిస్తారు. గోదావరి జిల్లా మనిషి కాబట్టి కోపం వచ్చేకొద్దీ ఆయనకి మర్యాద పెరుగుతుంది.

“ఇది నాలుగోసారి కదండీ,” అన్నారు, తెగి వేలాడుతున్న తీగ వంక చూస్తూ. “గిటారు మీదేనండీ, కాదనను. పాట మాత్రం అందరిదీ కదండీ. వచ్చే శనివారం జనం ముందు ఇలాగే తెగిందనుకోండీ, ఆ పై వారం నుంచి మీరు శ్రమపడక్కర్లేదండీ. కాకినాడ నుంచి ఒకాయన ఫోన్లు చేస్తున్నారండీ.”

లెక్కపెట్టాను. ఆరు అండీలు. మా వైపు ఆరు అండీలంటే చెంపదెబ్బతో సమానం.

వచ్చే శనివారమంటే రాజమండ్రిలో గోదావరి గట్టు మీదున్న ఒక రెస్టారెంటులో మా మొదటి కచేరీ. కచేరీ అన్నది నా మాట. వాళ్ల బోర్డు మీద మా గురించి ఉన్నది బిర్యానీ కింద ఒక లైను. అయినా సరే, రెండేళ్లు ఆఫీసు నుంచి స్కూటరు మీద ఆ గిటారు వీపుకి తగిలించుకుని తిరిగింది ఆ ఒక్క లైను కోసమే. దాన్ని కాకినాడ ఆయనకి అప్పజెప్పే ఉద్దేశం నాకు లేదు.

పైగా తప్పు నాది కాదు. ఈ మాట ప్రతి ముద్దాయీ అంటాడని తెలుసు, కానీ నా దగ్గర ఆధారాలున్నాయి. చేతులు కడుక్కోకుండా గిటారు ముట్టుకోను. వాయించాక ప్రతి తీగనీ పొడిగుడ్డతో పైనా కిందా తుడుస్తాను. ఆ గుడ్డ మా నాన్న పాత పంచె ముక్క, నాలుగు మడతలు పెట్టి పెట్టెలోనే ఉంచుతాను. రోజూ గంటసేపు వాయించేవాడు రెండు మూడు నెలలకోసారి తీగలు మార్చుకుంటే సరిపోతుందంటారు. మా ఊరి ఉక్కకి, చెమటకి ఇంకో పదిరోజులు తగ్గించుకోమన్నా నేను ఒప్పుకుంటాను. నా తీగలకి మాత్రం మూడు వారాలకే తుప్పు మచ్చలు వస్తున్నాయి. చప్పుడు చూస్తే రేకు డబ్బా. ఎవరో ఏదో చేస్తున్నారు.

మొదటి అనుమానం సహజంగానే తీగలమ్మే షాపాయన మీద. మెయిన్ రోడ్డులో తబలాలు, హార్మోనియంల మధ్య ఇరుక్కుని కూర్చునే పెద్దాయన. గిటారు పెట్టె తీసుకుని వెళ్లి గల్లా ముందు పెట్టాను.

“ఏంటండీ, పాత సరుకు అంటగడుతున్నట్టున్నారు?”

“ఆయ్, మాటలు జాగ్రత్తండి బాబూ,” అన్నాడాయన కళ్లజోడు పైకి తోసుకుంటూ. “ముందు పెట్టె తీయండి.”

తీశాను. తెగిన తీగ అందులోనే ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకి ఎత్తాడు. తర్వాత గిటారు మెడ మీదకి వంగి వాసన చూశాడు. నేను వెనక్కి తిరిగి వీధిలో తెలిసినవాళ్లెవరూ చూడ్డం లేదని నిర్ధారించుకున్నాను.

“ఇది పైన తీగ బిగించే బిరడా దగ్గర తెగిందండి. రోజూ దించి, మళ్లీ ఎక్కించి, మళ్లీ దించి చేస్తే అక్కడ బలం పోద్ది. మీరు అలా తిప్పుతారా?”

“లేదండి. ఫోన్లో చూసి ఒక్కసారి శృతి చేస్తాను, అంతే.”

“మరి ఈ గీతలు చూడండి.” గిటారు మెడ మీది పన్నెండో మెట్టు, అంటే ఫ్రెట్టు, మీద వేలు పెట్టాడు. మెట్టంతా అడ్డంగా గీసుకుపోయి ఉంది. “తీగని ఇంతింత పక్కకి లాగుతారేంటండీ?”

“నాకు మూడో మెట్టు దాటి పనే ఉండదండి,” అన్నాను. ఒక కళాకారుడు ఇంత బహిరంగంగా ఒప్పుకోకూడని నిజం.

“అయితే ఇది ఒక చెయ్యి కాదండి. రెండో చెయ్యి కూడా ఉంది. ఆ చేతికి కొబ్బరినూనె అంటుకుని ఉంది.” పెట్టె మూసి నా వైపు తోశాడు. “సరుకు మీద పడకండి. ముందు ఇంట్లో చూసుకోండి.”

మా ఇల్లు ధవళేశ్వరంలో. ఇంట్లో ముగ్గురం. నేను రాజమండ్రిలో ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. అమ్మ హైస్కూల్లో తెలుగు టీచరు, నాలుగున్నరకి వచ్చేస్తుంది. నాన్న ఇరిగేషన్ ఆఫీసు నుంచి నడుచుకుంటూ అయిదున్నరకి వస్తాడు, మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటికే వస్తాడు. అంటే రోజూ గంటసేపు ఇంట్లో నాన్న, గిటారు తప్ప ఎవరూ ఉండరు. పైగా నేను సాధన మొదలుపెట్టగానే టీవీలో వార్తల గొంతు పెంచేది ఆయనే. తలకి కొబ్బరినూనె రాసుకునేదీ ఆయనే. అమ్మని లెక్కలోంచి తీసేశాను. గిటారు కొన్న రోజున దాన్ని ఒకసారి చూసి, “ఇదేం వాయిద్యంరా, గోక్కుంటున్నట్టుంది,” అని మళ్లీ అటు చూడని మనిషి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగేశాను.

“నాన్నా, నా గిటారు ముట్టుకుంటున్నావా?”

“దాన్నా? షాకు కొడుతుంది.”

“అది కరెంటుది కాదు నాన్నా.”

“తీగలున్నాయిగా,” అన్నాడాయన పెరుగు కలుపుకుంటూ. అమ్మ మజ్జిగ మిరపకాయలు తేవడానికి లేచింది. అవి కంచంలోనే ఉన్నాయి. నేను గమనించాను గానీ, నాన్న మీద కేసు అప్పటికే అంత బలంగా తయారైంది కాబట్టి పక్కన పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న తెగినదాని చోట కొత్త తీగ బిగించి, తీగల మీద, మెడ మీద పల్చగా టాల్కం పౌడరు చల్లి వెళ్లాను. సాయంత్రం వచ్చి పెట్టె తెరిస్తే పౌడరు లేదు. తుడిచిపెట్టినట్టుంది. వెంటనే హాల్లోకి వెళ్లి నిందితుల చేతులు చూశాను. నాన్న చేతులకి పౌడరు ఉంది. మెడకీ, వీపుకీ, చదువుతున్న పేపరుకీ కూడా ఉంది. అమ్మకీ ఉంది. ఎదురింటి పిన్నిగారు పాలగిన్నె ఇవ్వడానికొస్తే ఆవిడకీ ఉంది. సెప్టెంబరు ఉక్కలో డెల్టాలో పౌడరుతో దొంగని పట్టుకుందామనుకున్న తెలివి నాది.

ఇంక మిగిలింది స్వయంగా పట్టుకోవడమే. మంగళవారం ఆఫీసులో తలనొప్పి అని చెప్పి బయటపడ్డాను. మధ్యాహ్నం ఆఫీసు వదలడం కుదరదు కాబట్టి సాయంత్రమే గతి; అయిదున్నరకి నాన్న వస్తాడు, అయిదుకల్లా నేను తలుపు వెనక ఉండాలి. స్కూటరు వీధి మలుపులోనే ఆపేసి నడిచొచ్చాను. చెప్పులు చేత్తో పట్టుకున్నాను. సొంత ఇంట్లోకి చెప్పులు చేత్తో పట్టుకుని దూరుతున్నవాణ్ణి చూసి ఎదురింటి పిన్నిగారు ఏమనుకున్నారో ఆవిడకే వదిలేస్తున్నాను.

లోపల్నుంచి చప్పుడు వస్తోంది. ఒకే తీగ మీద స్వరం కిందనుంచి పైకి పాకి, పైన ఆగకుండా ఊగి, మళ్లీ వెనక్కి దిగుతోంది.

నా గదిలో నేల మీద, బాసింపట్టు వేసుకుని, అమ్మ కూర్చుని ఉంది. గిటారు ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. పక్కన సీసా మూతలో కొబ్బరినూనె. ఎడమచేతి వేళ్లు అందులో ముంచుకుని, పన్నెండో మెట్టు మీద మొదటి తీగని బావిలోంచి చేద లాగినట్టు పక్కకి లాగుతోంది. అయిదేళ్లుగా చింగు చింగుమనడం తప్ప ఎరగని నా గిటారు మనిషిలా రాగం తీస్తోంది.

ఇలాంటి చోట కళ్లు చెమర్చాలి. నాకు మాత్రం ఆ తీగ ఏ క్షణాన తెగుతుందోనని నుదురు చెమర్చింది.

“అమ్మా!”

ఆవిడ కళ్లు తెరిచింది. ఏ మాత్రం కంగారు పడలేదు. ముప్పై ఏళ్లుగా కాపీ కొట్టేవాళ్లని పట్టుకున్న మనిషి, పట్టుబడ్డప్పుడు ముఖం ఎలా పెట్టాలో తెలుసు.

“ఏంట్రా అప్పుడే వచ్చావు? ఆఫీసు మూసేశారా?”

“ఆ నూనె ఏంటమ్మా?”

“వేళ్లు జారొద్దూ? వీణకి రాసుకుంటాం.”

“అది వీణ కాదు!”

“తెలుస్తూనే ఉందిలే. గమకం పలకమంటే మొరాయిస్తోంది. శృతి కూడా ఇదేం శృతో, రోజూ దించుకుని మళ్లీ నీ కోసం ఎక్కించి పెట్టలేక చస్తున్నాను.”

అమ్మ చిన్నప్పుడు ద్రాక్షారామంలో నాలుగేళ్లు వీణ నేర్చుకుందట. ఆ వీణ ఇప్పటికీ మా మావయ్యగారింట్లో బీరువా మీద ముసుగేసుకుని పడుకుని ఉంది. సెలవులకి వెళ్లినప్పుడల్లా దాన్ని చూశాను, చుట్టిన పరుపనుకున్నాను.

“మరి కొన్నప్పుడు ఇదేం వాయిద్యం అన్నావుగా?”

“ఇప్పటికీ అదే అంటున్నాను. అన్నాక మళ్లీ నీ దగ్గరకొచ్చి, ఓసారి ఇవ్వరా నాయనా అని ఎలా అడగను?”

“వాయించాక తుడుస్తున్నావా?”

“తుడవకుండా పెడతానేంట్రా? తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడుస్తున్నాను.”

తుప్పు రహస్యం కూడా తేలిపోయింది. ఉక్కు తీగలకి తడిగుడ్డ పెడితే ఏమవుతుందో చెప్పాను. నూనె అంటుకుంటే దాని మీద దుమ్ము చేరి చప్పుడు ఎలా చచ్చిపోతుందో చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

“మా వీణ ఎప్పుడూ తుప్పు పట్టలేదే?”

“దాన్ని ఎవరు తుడిచేవాళ్లు?”

కాస్త ఆలోచించింది. “మా అమ్మ.”

“దేంతో?”

“నాకేం తెలుసురా. నేను వాయించి లేచిపోయేదాన్ని.”

అప్పుడు శనివారం సంగతి చెప్పాను. మాస్టారి ఆరు అండీలూ వినిపించాను. కాకినాడ ఆయన గురించి చెప్పాను. అమ్మ గిటారుని ఒళ్లోంచి తీసి, చంటిపిల్లని అప్పగించినట్టు నాకిచ్చి, నూనెమూత పట్టుకుని లేచింది.

“వారం రోజులుగా ఇది కడుపులో పెట్టుకు తిరుగుతున్నావా? చెప్పొచ్చుగా.”

“ఎవరికి చెప్పను? దొంగెవరో తెలియకుండా?”

“మీ నాన్న అనుకున్నావు కదూ?”

“లేదు,” అన్నాను. నాన్న గేటు తీసుకుని లోపలికొస్తూ నా చేతిలో గిటారు చూసి రెండడుగులు పక్కకి జరిగి వెళ్లాడు, షాకు భయంతో.

బుధవారం సాయంత్రం కొత్త సెట్టు వేశాను. కచేరీ శనివారమైతే బుధవారమే ఎందుకంటే, కొత్త తీగలు మొదటి రెండు మూడు రోజులు సాగుతూ శృతి దిగిపోతుంటాయి. జనం ముందు అవి సాగకూడదు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చూడ్డానికి మాత్రమే అంది. మరి చూసేవాళ్లు ఇన్ని ప్రశ్నలు అడగరు. సన్న తీగకి ఎన్ని చుట్లు రావాలి, చివర ఎక్కడ కత్తిరించాలి, అన్నీ ఒకేసారి ఎందుకు విప్పడం లేదు. మెడ మీద బిగువు ఒక్కసారిగా మారకుండా ఒక్కొక్కటే విప్పి ఒక్కొక్కటే వేయాలని చెప్పాను. తల ఊపింది. ఆ ఊపు నాకు నచ్చలేదు.

“శనివారం దాకా ముట్టుకోను,” అంది. నమ్మినట్టు ముఖం పెట్టి, గురు, శుక్రవారాలు గిటారు ఆఫీసుకి తీసుకుపోయాను. పాలసీ కట్టడానికొచ్చిన ఒకాయన పెట్టె చూసి, “భజన ఏ గుళ్లోనండీ?” అని అడిగాడు.

శనివారం తీగ తెగలేదు. ఇంతకంటే గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. జనం తిన్నారు, మేం వాయించాం, గోదావరి మీద నుంచి గాలి వచ్చింది. మూడో పాటలో ఒక పొడుగు స్వరం దగ్గర నాకెందుకో చెయ్యి ఊరుకోక, అమ్మ లాగినట్టు మొదటి తీగని పక్కకి లాగాను. వెళ్లాల్సిన చోటుకి అది వెళ్లలేదు. మాస్టారు తలెత్తి చూశారు. మూల టేబులు దగ్గర ఒకావిడ చప్పట్లు కొట్టింది, దోమ కోసం కూడా అయ్యుండొచ్చు. అంతా అయ్యాక మాస్టారు కీబోర్డు సర్దుకుంటూ, “వచ్చే శనివారం కాస్త ముందు రండి,” అన్నారు. ఒక్కటే అండి, అదీ క్రియలోనే. నా చోటు నాకుంది.

డ్రమ్ములాయన పంపిన వీడియో ఇంట్లో అమ్మ మూడుసార్లు చూసింది.

“ఇక్కడ లాగావు చూడు, అర స్వరం తక్కువైంది.”

“ఇంకా లాగితే తెగుతుందని భయం.”

“తెగేది లాగినందుకు కాదురా, రోజూ దించి ఎక్కించినందుకని ఆ షాపాయన చెప్పాడన్నావుగా. లాగాల్సినంత లాగు.”

ఆ రోజే ఒప్పందం రాసుకోకుండా కుదిరింది. నాలుగున్నర నుంచి ఆరు దాకా గిటారు అమ్మది. నూనె లేదు, తడిగుడ్డ లేదు, బిరడాలు తిప్పడం లేదు. మొదటి రెండూ వెంటనే ఒప్పుకుంది. మూడోదానికి, “చూద్దాం,” అంది.

పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం పెట్టె తెరిచాను. పంచెముక్క నాలుగు మడతలు పెట్టి ఉంది. నూనె వాసన లేదు. ఫోను పెట్టి చూస్తే శృతి వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత పద్ధతిగా ఉండేసరికి నాకు అనుమానం వచ్చింది. దీపం కిందకి తీసుకెళ్లి చూశాను. అయిదు తీగలు కాస్త మసకబారి, తమ వయసు తాము ఒప్పుకుంటున్నాయి. మొదటిది మాత్రం కొత్త సూదిలా మెరుస్తోంది. బిరడాకి చుట్లు ఒకదాని కింద ఒకటి వరసగా, నేను ఏనాడూ చుట్టనంత నీటుగా ఉన్నాయి. కొసని సరిగ్గా నేను చెప్పిన చోటే కత్తిరించారు.

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

“నేనేం తెంపలేదు,” అంది అమ్మ అక్కణ్నుంచే.

నేనింకా ఏమీ అడగలేదు.