అక్వేరియంలో చెయ్యి

ఇది నా కళ్లతో చూసింది. నమ్మమని ఎవరినీ బతిమాలను. కానీ ఈ సంగతి మా చుట్టాల్లో ఒక రకంగా తిరుగుతోంది… అది తప్పు. ఆ తప్పు నా నోటి నుంచే పుట్టింది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

మాది తెనాలి. నా పని మాత్రం రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద. రొయ్యలు ఎందుకు చస్తున్నాయో నీళ్లు పరీక్ష చేసి చెప్పాలి. రైతులు డాక్టరుగారూ అంటారు. నేనూ అలాగే అనుకునేవాడిని.

మా అమ్మాయి బిందు అప్పుడు చిన్నది. దాని కోసం హాల్లో అక్వేరియం పెట్టాం. గోల్డ్ ఫిష్‌లు. అన్నిటికీ సండేస్కూల్లో విన్న పేర్లు పెట్టింది. ఒకదాని పేరు యోనా. చేప మింగిన మనిషి పేరు చేపకి ఏంటే అంటే, "లోపల ఉన్నాడేమో నాన్నా, నీకేం తెలుసు?" అనేది.

ఆ వేసవిలో మా అక్క సువార్తమ్మ రేపల్లె దగ్గర నగరం అనే ఊరి నుంచి వచ్చి మా దగ్గర ఉంది. బావ పోయాక ఒంటరిది. మోకాళ్ల నొప్పులకి తెనాలిలో చూపించుకుంటోంది. చర్చిలో అందరూ మోకరించినా తను కుర్చీలోనే కూర్చుని తల వంచేది. ఇంట్లో మాత్రం ఊరుకునేది కాదు. స్టూలు వేసుకుని కూర్చుని, చేతికి అందిందల్లా సర్ఫు నీళ్లతో తుడిచేది.

"వదినగారూ, ఇంకాసేపుంటే మాకు కూడా సర్ఫు పెట్టేస్తారండి," అనేది మా ఆవిడ విమల.

"మీ ఆయనకి ముందు పెట్టాలమ్మా. బురద కంపు."

ఒక రోజు చెరువుల మీద నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. అక్వేరియంలో నీళ్లు తగ్గాయని బిందు గోల. బండి సంచిలో ఉన్న ప్లాస్టిక్ మగ్గు తీసి, బకెట్లో నిలవ ఉన్న నీళ్లు ముంచి పోశాను. అన్నం తిని పడుకున్నాను.

రాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది… ఆ ఆగడానికే మెలకువ వచ్చింది. హాల్లో అక్వేరియానికి గాలి పంపే మోటారు కూడా ఆగిపోయి ఉంటుంది కదా. దాని గుర్రుమనే మోత లేదు. కానీ నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

బుళుక్… కాసేపు ఏమీ లేదు… బుళుక్…

లేచి గుమ్మం దాకా వెళ్లాను. ఎదురింటి ఇన్వర్టర్ లైటు కిటికీలోంచి కాస్త పడుతోంది. అక్వేరియం ముందు ఒక మనిషి. ఆడమనిషి. నెత్తి మీద కొంగు. కింద గొంతుకూర్చుని ఉంది. ఒక చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ఉంది. ఆ చెయ్యి మెల్లగా తిరుగుతోంది. కరెంటు పోయి చెరువుల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే మావాళ్లు నీళ్లను ఇలాగే కలుపుతారు… కాస్త గాలి తగలాలని. చేపలన్నీ ఆ చెయ్యి చుట్టూ చేరాయి. మూతులు పైకి పెట్టి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి.

"అక్కా," అన్నాను.

చెయ్యి ఆగింది. తల తిరగలేదు.

"పడుకో అక్కా. కరెంటు వస్తుందిలే."

 నీళ్లు తీసేసి ఎండగట్టిన చెరువు వాసన… ఆ తడి బురద వాసన హాలంతా ఉంది. నా బట్టలదే అనుకున్నాను. వెనక్కి వచ్చి పడుకున్నాను. భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. అదే ఇప్పటికీ నాకు అర్థం కాదు.

తెల్లారేసరికి చేపలన్నీ తేలి ఉన్నాయి. నీళ్ల మీద సన్నటి తెల్లని నురగ. బిందు ఏడవలేదు. గాజు మీద వేలు పెట్టి ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తోంది.

నా పరీక్షల డబ్బా తీశాను. చేసిందే మళ్లీ చేశాను. రొయ్యని చంపేది ఏదీ ఆ నీళ్లలో లేదు. మిగిలింది నురగ. నురగంటే సబ్బు. సబ్బంటే…

"రాత్రి సర్ఫు చేత్తో ఇందులో కెలికావా అక్కా?"

"నేను లేవనే లేదురా. ఎందుకు కెలుకుతాను?"

"నా కళ్లతో చూశాను. పిలిచాను కూడా."

"అత్త నా పక్కనే పడుకుంది నాన్నా," అంది బిందు.

"నువ్వు నిద్రలో ఉన్నావు. నీకేం తెలుసు?"

అక్క సంచీ సర్దుకుంది. బస్సు ఎక్కిస్తానంటే వద్దంది. చేపలు ఎలా చచ్చాయని అడిగిన వాళ్లందరికీ నేను అక్క పేరే చెప్పాను. నీళ్లు చూసి రోగం చెప్పేవాడిని… నా మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ మాట పాకింది. అమృతలూరులో మా బాబాయి మనవడి పుట్టినరోజుకి అక్క గరిటె అందుకోబోయిందట. ఎవరో చేతిలోంచి తీసుకుని, "మీరు కూర్చోండమ్మా," అన్నారట. భర్త పోయిన మనిషి చెయ్యి… ఇప్పుడు చేపల్ని చంపిన చెయ్యి. విమల వచ్చి చెప్పింది. నేను అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు.

తరవాత ఒక మధ్యాహ్నం మస్తాన్ అనే రైతు చెరువు దగ్గర ఉన్నాను. రొయ్యల చెరువులో పిచ్చి చేపలు చేరితే మేము టీ గింజల పొడి నానబెట్టి ఆ నీళ్లు చల్లిస్తాం. చేపలు చస్తాయి. రొయ్యలకి ఏమీ కాదు. మస్తాన్ చల్లుతున్నాడు. గట్టు వెంట తెల్లటి నురగ లేస్తోంది.

"చేపకే చావండి డాక్టరుగారూ. రొయ్య చూడండి, పెళ్లికొడుకులా తిరుగుతోంది."

ఆ నురగనే చూస్తున్నాను. అది సర్ఫు నురగలాగే ఉంది. చేపలు తేలివచ్చి మూతులు తెరుస్తున్నాయి. అక్వేరియంలో నీళ్లు పోసిన రోజు కూడా నేను ఆ పొడి నానబెట్టింది… నా మగ్గులోనే. కడగకుండా సంచిలో వేసుకున్నాను. రొయ్యకి ఏమీ కాదు కాబట్టి, అది విషమన్న సంగతే నా బుర్రలో ఎప్పుడూ లేదు.

అప్పుడే మస్తాన్ భార్య గట్టు దిగి, నీళ్ల అంచున గొంతుకూర్చుని, చచ్చిన చేపల్ని చేత్తో దగ్గరికి తోస్తోంది.

గొంతుకూర్చుని…

మా అక్క అలా కూర్చోలేదు. ఎన్నో ఏళ్లుగా కూర్చోలేదు. నాకు తెలిసిన సంగతే అది. చూసిన రాత్రి తట్టలేదు. 

అటునుంచి అటే నగరం వెళ్లాను. అక్క వరండాలో కుర్చీలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మగ్గు సంగతి చెప్పాను. తలెత్తలేదు.

"అయితే డాక్టరుగారి చేతి పనేనన్నమాట."

"అవునక్కా."

"అందరికీ చెప్పు. నేను చెబితే వినరు, నువ్వు చెప్పాలి."

"చెబుతాను. ఆ రాత్రి కూర్చున్నది కూడా నువ్వు కాదని…"

బియ్యంలో వేళ్లు ఆగాయి.

"అది మాత్రం నేనే అని చెప్పు."

"ఎందుకక్కా?"

"బిందు రాత్రుళ్లు బాత్రూముకి ఆ హాల్లోంచే కదరా వెళ్లాలి."

నేను అలాగే చెప్పాను. మగ్గు నాది, చెయ్యి అక్కది. జనం మగ్గుని మరిచిపోయారు. చెయ్యిని మరవలేదు. ఇప్పటికీ అక్క ఏ గిన్నె అందుకోబోయినా, "మీరు కూర్చోండమ్మా," అంటారు. తను కూర్చుంటుంది.

బిందు ఇప్పుడు పెద్దదయింది. బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మొన్న చూడ్డానికి వెళ్లినప్పుడు, క్యాంటీన్లో టీ తాగుతూ, మొత్తం చెప్పేశాను. బిందు విని గ్లాసు పక్కన పెట్టింది.

"నేను ఆ రాత్రి నిద్రపోలేదు నాన్నా. నీళ్ల చప్పుడుకి అత్తకీ మెలకువ వచ్చింది. నువ్వు హాల్లో 'పడుకో అక్కా' అనడం విన్నాం. నేను అరవబోతే అత్త నా నోటి మీద చెయ్యి పెట్టింది. తెల్లారే దాకా తియ్యలేదు."

హాల్లో ఉన్నది ఇంకెవరో అని అక్కకి అప్పుడే తెలుసు. తెలిసే సంచీ సర్దుకుంది.

అందరూ అక్కే అంటే ఆ పిల్ల ఆ రాత్రిని కల అనుకుని భయపడదని, అక్క ఇన్నాళ్లు ఆ మాట మోసింది. ఆ పిల్లకి అన్నీ తెలుసు. ఇక దాచేదేమీ లేదు. మా వాళ్లెవరైనా ఇది చదివితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చేపల్ని చంపింది నేను. ఆ నీళ్లలో ఉన్న చెయ్యి మా అక్కది కాదు. అది చేపల్ని బతికించడానికి కలిపిందో, తీసుకెళ్లడానికి కలిపిందో… నాకు తెలియదు.