కుర్చీలమ్మాయి ఎడమ మోచెయ్యి

ఆమె వీధిలో నడిచేటప్పుడు ఒక్క సంగతి గమనించాలి. కుడిచెయ్యి అందరిలాగే ఊగుతూ ఉంటుంది. ఎడమ మోచెయ్యి మాత్రం ఒంటికి అంటుకోకుండా కాస్త ఎడంగా ఉంటుంది, వెనకనుంచి ఎవరో వచ్చి పట్టుకోబోతున్నట్టు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు చెయ్యి బెణికిందేమో అనుకుని ఏదో మందు చెప్పబోతారు. పాతవాళ్ళు కళ్ళతోనే సైగ చేసి వాళ్ళ నోరు మూయిస్తారు. ఒకప్పుడు పత్రికలన్నీ పోటీలు పడి అచ్చేసిన మోచెయ్యి అది.

అందరూ ఆమెను కుర్చీలమ్మాయి అంటారు. నలభై దాటినా అమ్మాయే. తండ్రి పేము కుర్చీలు అల్లేవాడు. వీధికి ఆయన కుర్చీల తాత, ఆయన కూతురు గనక ఈమె కుర్చీలమ్మాయి. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే తండ్రికి జబ్బు చేసి చూపు పోయింది. ఆ ఏడాదే తల్లీ పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఉన్నవి రెండు కళ్ళు, నాలుగు చేతులు. ముందుగదిలో నానబెట్టిన పేము బద్దల వాసన, కాళ్ళూడిన కుర్చీలు, వాటి మధ్య ఎదురెదురుగా కూర్చుని అల్లుకునే తండ్రీ కూతుళ్ళు. మాటలు తక్కువ. నోట్లో నాలుక లేని పిల్ల అని వీధంతా జాలిపడేది.

తండ్రిని బయటికి తీసుకువెళ్ళడం ఆమె పని. మొదటిరోజే ఆయన నేర్పాడు.

"చూపు లేనివాడి చెయ్యి మనం పట్టుకోకూడదమ్మా. పట్టుకుంటే లాగినట్టుంటుంది. అర అడుగు ముందు నిలబడి నీ మోచెయ్యి ఇచ్చి ఊరుకో. కావాలంటే వాడే పట్టుకుంటాడు."

"వద్దనుకుంటే?"

"వద్దనుకుంటే వద్దు. నోటితో మాత్రం అడక్కు. అడిగితే జాలిపడ్డట్టుంటుంది."

ఆ పాఠం ఆమె ఏనాడూ తప్పలేదు. ఒక్కసారి తప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

మెట్టు వస్తే మోచెయ్యి కాస్త లేస్తుంది. దిగుడు వస్తే కిందికి జారుతుంది. సందు ఇరుకైతే వీపు వెనక్కి వెళుతుంది. అంతే, ఇక మాట అక్కర్లేదు. తెలియనివాళ్ళు చూస్తే ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని షికారు వెళ్తున్నాడనుకోవలసిందే.

అలా అనుకున్నవాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. ఆ ఊరి పాత హోటల్లో సినిమా తీస్తుంటే, విరిగిన కుర్చీలు బాగుచేసి ఇవ్వడానికి తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు. నేలనిండా పాముల్లా వైర్లు, అడుగడుక్కీ లైట్ల స్టాండ్లు. తాత వాటి మధ్యనుంచి తన ఇంట్లో తిరిగినట్టు నడిచి వెళ్ళాడు. టీ గ్లాసు ఇవ్వబోతే ఆయన చెయ్యి గ్లాసుకు జానెడు పక్కగా వెళ్ళింది. అప్పుడు తెలిసింది ఆవిడకు, ఆయనకు కళ్ళు లేవని. ఆవిడ ఆ సినిమా హీరోకు సొంత అక్క. తమ్ముడి పనులన్నీ చూసుకునే మనిషి. ఆవేళంతా ఆ పిల్ల మోచేతినే చూస్తూ ఉండిపోయింది.

మరుసటి ఏడాది తాత నిద్రలోనే పోయాడు. కుర్చీలమ్మాయి ఏడవలేదు. కానీ వీధిలోకి వస్తే నాలుగడుగులు వేసి ఆగిపోయేది. చేతికి బరువు లేకపోతే నడక కుదిరేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఇంటి ముందు కారు ఆగింది.

"మా తమ్ముడికి చూపు పోతోంది," అంది హీరో అక్క, తలుపు దగ్గరకి వేసి. "కాగితం గొట్టంలోంచి మసగ్గా చూసినంత మిగిలింది, మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గానీ ముఖం తెలియదు. అదీ ఉండదంటున్నారు డాక్టర్లు. సెట్లో అయితే ముందే నడిచి చూసుకుని నెట్టుకొస్తున్నాడు. సభలకి వెళితేనే ప్రాణం మీదికి వస్తోంది. పనివాడి చెయ్యి పట్టుకుంటే ఎందుకని అడుగుతారు. పెళ్ళాం చెయ్యి పట్టుకుంటే ఎవరూ అడగరు."

"నాకు సినిమాల సంగతి తెలియదండీ."

"నడవడం తెలుసుగా. లోకానికి తెలిసేదాకానే అమ్మాయ్. తెలిసిన రోజున నీ దారి నీది. అది వాడి మాట, నా మాట."

ఆశ పడి ఒప్పుకుందని కొందరు, పిచ్చిది గనక ఒప్పుకుందని కొందరు అన్నారు. మోచెయ్యి ఖాళీగా ఉంది గనక ఒప్పుకుంది, అంతే.

కబురు తెలిసి ఎదురింటి పిన్ని పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. "ఏమే, నిజమేనా? అంతటి హీరో నిన్ను చేసుకోవడమేమిటే? ఆయనకేం కనిపించిందే నీలో?"

కుర్చీలమ్మాయి పెదవి కొరుక్కుని, "ఏమీ కనిపించలేదట పిన్నీ," అంది.

వీధంతా పగలబడి నవ్వింది. అది అక్షరాలా నిజమని తెలియడానికి ఏళ్ళు పట్టింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేశారు. హీరో పెన్ను ఎక్కడ ఆనించాలో ఆమె చిటికెన వేలు కాగితం మీద పెట్టి చూపించింది. బయట ఫొటోలవాళ్ళు గుంపుగా ఉన్నారు. ఆమె అర అడుగు ముందు నిలబడి మోచెయ్యి ఇచ్చింది. ఆయన వేళ్ళు వచ్చి పట్టుకున్నాయి. మర్నాడు పత్రికల్లో అదే బొమ్మ. ఆ వారమంతా ఆడవాళ్ళు మొగుళ్ళని బతకనిస్తే ఒట్టు. "చూడండి, అంతటివాడు పెళ్ళాం చెయ్యి వదలకుండా నడుస్తున్నాడు. మీరేమో వీధి మలుపు తిరిగేదాకా నాతో వస్తున్నట్టే తెలియనివ్వరు."

సభల్లో ఇంకో చిక్కు వచ్చింది. ఎదురుగా ఎవరున్నారో ఆయనకు తెలియాలి. అందుకని ఆమె ముందే గట్టిగా పలకరించేది. "ఓహో, డాక్టరుగారా, నమస్కారం! అమ్మాయిని కూడా తీసుకొచ్చారే, పచ్చగౌనులో ఎంత బాగుందో!" ఆ మాట పట్టుకుని ఆయన ఆ పిల్లవైపు వంగి నవ్వేవాడు. నోట్లో నాలుక లేని మనిషికి నాలుగు నెలల్లో వాగుడుకాయ అని పేరొచ్చింది. మొగుణ్ణి నోరెత్తనివ్వదని పత్రికలు వెక్కిరిస్తే ఆయన బాధపడ్డాడు. "మీకు చెడ్డపేరు తెస్తున్నాను."

"పేరు నాది కాదులెండి, మీ పెళ్ళానిది," అంది ఆమె. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. ఆ నవ్వు అయ్యాక ఆయన ఆమెను నువ్వు అనడం మొదలుపెట్టాడు.

పెద్ద ఇల్లు. ఆమె గది ఆమెది. పని లేనప్పుడు వరండాలో కూర్చుని ఆ ఇంటి పాత కుర్చీలు విప్పి మళ్ళీ అల్లేది. ఇంట్లో ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేదు, ప్రతి గోడా తెలుసు. అయినా ఒక సాయంత్రం వరండాలోకి వచ్చి, వెతుక్కుని, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆమె పేము బద్ద పక్కన పెట్టి లేచింది. "ఎక్కడికండీ?"

"ఎక్కడికీ లేదు."

లేచినామె మళ్ళీ కూర్చుంది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాడు, చెయ్యి తీయకుండా. ఆ తర్వాత సాయంత్రాలన్నీ అంతే. ఒంటిచేత్తో కుర్చీ అల్లడం కుదరదు. ఆ ఏడు వరండాలో ఒక కుర్చీ సగంలోనే ఉండిపోయింది.

"నీ ముఖం ఎలా ఉంటుంది?" అని ఒకసారి అడిగాడు.

"మామూలుగా ఉంటుంది."

"మామూలుగా అంటే?"

"అంటే, చూసినా మీరు మర్చిపోతారు."

"చూడలేదు గనక మర్చిపోయే వీల్లేదన్నమాట," అన్నాడాయన. ఆమె ముఖం ఎర్రబడింది. అది చూడడానికి కూడా అక్కడ ఎవరూ లేరు.

గొట్టంలోంచి కనిపించే ఆ కాస్తా కూడా పోయింది. ఒక బడి కార్యక్రమంలో ఒక చిన్న పాప పువ్వు పట్టుకుని ఆయన మోకాళ్ళ ఎత్తున నిలబడింది. గోల ఎక్కువై కుర్చీలమ్మాయి మాట ఆయనకు వినపడలేదు. పాపను దాటుకుని వెళ్ళిపోయాడు. పాప ఏడ్చింది. తలకెక్కిన పొగరని మర్నాడు ఊరూరా ఏకిపారేశారు. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. పొగరన్నందుకు కాదు, పాప ఏడుపు చెవిలోంచి పోక.

"చెప్పేయండి," అంది ఆమె.

"జాలిపడతారు."

"పడనివ్వండి. ఇలా ఎన్నాళ్ళు బిగబట్టుకుని నడుస్తారు? మీ వేళ్ళ అచ్చులు నా చేతిమీద పడుతున్నాయి. నాకు తెలియదనుకున్నారా?"

"చెప్పిన రోజున నీకు ఇక్కడ పని ఉండదు, తెలుసుగా."

నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వులో ఏముందో ఆమె వెతికింది, దొరకలేదు. అయినా ఆమె మాట మార్చలేదు. "తెలుసు. చెప్పేయండి."

చెప్పాడు. నిండు సభలో, ఆమె మోచెయ్యి పట్టుకునే. జనం లేచి నిలబడ్డారు. ఇన్నాళ్ళూ అంత బాగా నటించినందుకు కొట్టిన చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ఆ పాప తల్లి ఉత్తరం రాసింది. ఉన్న పేరు పదింతలయింది. తెల్లకర్రతో నడక నేర్పడానికి ఒక మాస్టారు వచ్చాడు. నెల తిరగకముందే ఆయన ఒక్కడే గేటుదాకా వెళ్ళి, ఒక్కడే తిరిగి వచ్చాడు, చిన్నపిల్లాడిలా కేకలు పెడుతూ. "చూశావా? ఎవరూ పట్టుకోలేదు!"

"చూశాను!" అని చప్పట్లు కొట్టింది కుర్చీలమ్మాయి. తర్వాత లోపలికి వెళ్ళి, దీపం వేయకుండా మంచం మీద కూర్చుంది. సంతోషం అబద్ధం కాదు, గుండెలో బరువూ అబద్ధం కాదు.

సాయంత్రాలు మాస్టారి పాఠాలతో నిండిపోయాయి. వరండాలో సగంలో ఉన్న కుర్చీ పూర్తయింది.

ఒకరోజు అక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది. చెడ్డ మనిషి కాదు, ఎలా అడగాలో తెలియక చాలాసేపు గోళ్ళు చూసుకుంది. "అమ్మాయ్, మాటంటే మాట కదా. నిన్ను కట్టిపడేసినట్టుందని వాడి బాధ. నీకు వెళ్ళాలనుందేమో కనుక్కోమన్నాడు."

"ఆయనేమంటున్నారు వదినా?"

"నీ ఇష్టమంటున్నాడు."

"ఆయనిష్టమే నా ఇష్టమని చెప్పండి."

అక్క ఆ మాట మోసుకెళ్ళింది. ఉండాలనుంటే ఉంటాననేది కదా అని ఆయన అనుకున్నాడో ఏమో, మర్నాడు కారు చెప్పించాడు. వెళ్ళేరోజు గుమ్మందాకా వచ్చాడు, ఎడమచేతిలో తెల్లకర్రతో.

"సామాను సర్దేశారా అండీ? జాగ్రత్తగా వెళ్ళండి." నువ్వు మళ్ళీ మీరు అయిపోయింది.

ఎదురుగా మెట్లు. కింద కారు. ఆమె ఇంకేమీ అనుకోలేదు. అలవాటు చొప్పున ఆయనకు అర అడుగు ముందు నిలబడి, ఎడమ మోచెయ్యి ఎడంగా పెట్టి ఆగింది. ఆ చెయ్యి పట్టుకుంటే చాలు. ఎక్కడికి అని అడిగేది, ఎక్కడికీ లేదనేవాడు. అంతే, కారు వెళ్ళిపోయేది.

ఆయన తల వంచి విన్నాడు. "ఉన్నారా?"

"ఉన్నాను."

ఆయన కుడిచెయ్యి కాస్త లేచింది. గాలిలో ఆగింది. ఒక్క మాట చాలు, ఒక్క అంగుళం జరిగినా చాలు. కానీ అడగకూడదు, పట్టుకోకూడదు. ఆ చెయ్యి పక్కకి వెళ్ళి మెట్ల కమ్మీ అందుకుంది.

"నా కోసం ఆగారా? మెట్లు నేను దిగగలనండీ ఇప్పుడు," అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

నిజంగానే దిగాడు. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. ఆమె వెనక దిగింది. కారు గేటు దాటేదాకా ఆయన ముఖం కారువైపే ఉంది. కారు వెళ్ళిపోయాక కూడా అటే ఉందని డ్రైవరు అద్దంలో చూశాడట. ఆ మాట అతను ఆమెకు చెప్పలేదు, తర్వాతెప్పుడో ఎదురింటి పిన్నికి చెప్పాడు. పిన్ని కూడా ఆమెకు చెప్పలేదు. అప్పటికి విడాకుల కాగితం మీద ఇద్దరి సంతకాలూ అయిపోయాయి.

తిరిగొచ్చాక తండ్రి గది ఊడ్చుకుని, పేము నానబెట్టుకుంది. కొన్నాళ్ళు వీధి చెవులు కొరుక్కుని ఊరుకుంది. పిన్ని మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఉంటానని ఒక్క మాటంటే నోటి ముత్యాలు రాలిపోయేవటే? లోకంలో ఉన్నవాళ్ళందరి పేర్లూ గడగడా చెప్పిన నోరే కదా అది!"

"అవన్నీ ఆయనకు కావలసిన మాటలు పిన్నీ," అంది ఆమె, అల్లిక మీదనుంచి తల ఎత్తకుండా. "ఇది నాకు కావలసిన మాట."

పిన్ని ఆమె పక్కన చతికిలబడి, నానిన పేము బద్ద ఒకటి తీసి అందించింది.

మొన్న వానకు వీధి బురదైతే ఇద్దరూ దుకాణానికి బయల్దేరారు. కాలవ మీద బల్ల దగ్గర పిన్ని ఆగి, ముందు నడుస్తున్న ఆ ఎడమ మోచెయ్యి పట్టుకుంది. కుర్చీలమ్మాయి ఉలిక్కిపడింది. వెనక్కి తిరగలేదు. ఒక్క క్షణం నిలబడి, నడక నెమ్మది చేసింది. బల్ల ఎక్కేచోట మోచెయ్యి కాస్త లేచింది. దిగేచోట కిందికి జారింది.

పిన్నికి కళ్ళు బాగానే కనిపిస్తాయి. అయినా దుకాణం వచ్చేదాకా వదల్లేదు. ఆ దారంతా ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.