నలభై మూడు పశువులు, మూడు ట్రాక్టర్లు

మా పాప మనోజ్ఞకు నాలుగేళ్లు. యాభై దాటితే అంకెలు తడబడతాయి. కానీ ధోళి బిడ్డ మోతి, మోతి బిడ్డ చాంది, చాందికి పుట్టినవి గెంది, లచ్చి అంటూ నలభై మూడు పశువుల పేర్లు తల్లుల వరసతో సహా గడగడా చెబుతుంది. ఆ పశువులన్నీ సోమ్లమ్మ ట్యాబ్‌లో ఉండేవి.

సోమ్లమ్మది జూలూరుపాడు పక్కన తండా. నేను ఇక్కడి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా ఆయన ఉద్యోగం కొత్తగూడెంలో, పొద్దున్నే వెళ్లిపోతారు. పగలంతా పాపను చూసుకునేది సోమ్లమ్మే. మొదట్లో నేను ఇంటర్వెల్‌లో పరుగెత్తుకుంటూ వచ్చి, నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లేదాన్ని. "బిడ్డె ఊపిరి మంచిగనే తీస్తాంది టీచరమ్మా, నువ్వే తీస్తలేవు" అనేది.

ఆమెకు ఒకప్పుడు నిజంగానే మంద ఉండేది. అడవి అంచున మొక్కలు నాటి చుట్టూ కందకాలు తవ్వాక మేపడానికి చోటు లేకపోయింది. ఉన్న పదకొండింటినీ అమ్మేశారు. ఆ తర్వాత నెలరోజులు ఆమె పొద్దుగూకే వేళ ఊరికే దొడ్డి దగ్గరికి వెళ్లి నిలబడేదట. అది చూడలేక కొడుకు రవికుమార్, తాను డిగ్రీలో కొనుక్కున్న ట్యాబ్‌లో 'మన చేను' అనే ఆట వేసిచ్చాడు. అది పన్నెండేళ్ల కిందటి మాట.

అందులో ఒక చేను, ఒక దొడ్డి, రెండు ఆవులు ఇచ్చేవారు. పొద్దున వాటిని వేలితో తోలుకెళ్లాలి. ఒక్కొక్కదాన్నే తాకి నీళ్లు తాపాలి. చీకటిపడకముందే మళ్లీ దొడ్లోకి మళ్లించాలి. ఈనితే దూడకు పేరు పెట్టాలి. సోమ్లమ్మ ఒక పేరు చెబితే రవికుమార్ టైప్ చేసేవాడు. ఆడదూడను అమ్మకూడదని వాళ్ల అత్త నేర్పిన పద్ధతి. అమ్మమని ఆట ఎన్నిసార్లు అడిగినా ఆమె వేలు అటు పోలేదు. "అమ్మితేనే ఆటల పైకి పోతవే యాడీ" అని కొడుకు నవ్వేవాడు. తల్లిని వాళ్లు యాడీ అంటారు. "పైకి పోయి ఏం జేస్తర్రా, మంద కింద ఉంటే?" అనేది.

నిరుడు పక్షవాతం తగిలి ఆమె కుడిచేయి పడిపోయింది. చేయి లేచింది గాని వేళ్లు మాట వినలేదు. రోజూ వేళ్లు ఆడించాలని దవాఖానాలో చెప్పారు. రబ్బరు బంతి ఇస్తే పాపకు ఇచ్చేసింది. నలభై మూడు పశువులకు మాత్రం రోజుకు రెండుసార్లు కుడిచేత్తోనే నీళ్లు తాపేది. ఆరు నెలల్లో గ్లాసు పట్టుకుంది. బడి నుంచి వచ్చేసరికి వరండాలో ఆమె, ఆమె భుజం మీద గడ్డం ఆనించి పాప. స్క్రీన్ ముందు పిల్లలను కూర్చోబెట్టకూడదని ఊరంతా చెప్పే నేను అక్కడ మాత్రం నోరు మూసుకునేదాన్ని.

ఆగస్టులో ఒకరోజు ఆ ట్యాబ్‌ను పాప ఒళ్లో చూశాను. వెనుక మూత పూరీలా పొంగి ఉంది. బ్యాటరీ లోపల గ్యాస్ చేరితే ఏమవుతుందో నాకు తెలుసు, తొమ్మిదో తరగతికి చెప్పే పాఠం. పాపను లాగేసి, ట్యాబ్‌ను ఇసుక బకెట్‌లో పెట్టి డాబా మీద ఉంచాను.

"నా మంద!" అంది సోమ్లమ్మ.

"మందకేం కాదు సోమ్లమ్మా. కొత్త ట్యాబ్‌లోకి తోలిస్తా."

నా మీద నాకు నమ్మకం. కొత్త ట్యాబ్ తెచ్చాను. పాత ఆట ఎక్కడా దొరకలేదు, 'మన చేను 2' మాత్రమే ఉంది. ఈ ఏడాదే వచ్చిందట. మొదటి పేజీలోనే 'మీ పాత చేనును తెచ్చుకోండి' అని ఉంది. ముందు పాత ట్యాబ్‌ను డాబా మీదే మా వైఫై‌కి కలిపి, చేను వివరాలు పైకి పంపి, వెంటనే ఆపేశాను. తర్వాత కొత్తదాంట్లో ఆ బటన్ నొక్కాను. టపాసులు పేలాయి, పూలు రాలాయి. పాప చప్పట్లు కొట్టింది. తర్వాత తెర మీద ఒక మాట వచ్చింది.

'అభినందనలు! మీ 43 పశువులు 3 ట్రాక్టర్లుగా మారాయి.'

నేను రెండుసార్లు చదువుకున్నాను. సోమ్లమ్మకు చదువు రాదు. "ఏందది టీచరమ్మా? మోతి ఏది?" అంది. దొడ్డి ఉండాల్సిన చోట రేకుల షెడ్డు, అందులో మూడు ఎర్ర ట్రాక్టర్లు. చెబితే ఆమె నమ్మలేదు. వాటి వెనుకేమైనా దాక్కున్నాయేమో అని ట్రాక్టర్లను వేలితో పక్కకు నెట్టి చూసింది.

ఆ ఆటలో సాయంత్రమే లేదు. ఒక బటన్ నొక్కితే దున్నడం, ఇంకోటి నొక్కితే కోత. మధ్యలో సబ్బుల ప్రకటన. పావుగంట చూసి, "అన్నీ అదే జేసుకుంటాంది. మరి నేనేం జేయాలె?" అని కుడిచేయి ఒళ్లో పెట్టుకుంది.

రవికుమార్‌కు ఫోన్ చేశాను. కొత్తగూడెంలో తెలిసినవాళ్లతో పాత ట్యాబ్‌కు బ్యాటరీ మార్పించుకొస్తానన్నాడు. నెట్‌తో పనిలేకుండా నడిచిన ఆట కాబట్టి మంద ఇంకా అందులోనే ఉండాలి. ఆ మాట వినగానే సోమ్లమ్మ మొహం విచ్చుకుంది. "జల్దీ తేరా అయ్యా, నీళ్లు లేక ఎన్ని దినాలాయె" అంది.

ఆదివారం రవికుమార్ ట్యాబ్‌ తీసుకుని ముందు తండాకు వెళ్తానన్నాడు. నేనే ఒప్పుకోలేదు. కొత్త బ్యాటరీతో మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఏదైనా జరిగితే? అక్కడ పక్కన ఇసుక ఉంటుందా? "దారిలో ఆన్ చేయకు, మా ఇంటికే తీసుకురా" అని గట్టిగా చెప్పాను. సోమ్లమ్మనూ పిలిపించి, పాపను గడప అవతల నిలబెట్టాను. ఇసుక బకెట్, తడి గోనెసంచి సిద్ధం చేశాను. ల్యాబ్‌లో వాడే కళ్లద్దాలు పెట్టుకున్నాను.

"మేడం, బాంబు గాదు మేడం" అన్నాడు రవికుమార్.

ఆట తెరుచుకుంది. పొద్దు వాలుతున్న చేను. దుమ్ము రేపుకుంటూ మంద. ముందు ధోళి, దాని వెనుక చాంది. "అగో! అగో వస్తున్నయ్!" అని సోమ్లమ్మ లేచి నిలబడింది. కుడిచేయి దానంతటదే ముందుకొచ్చింది. వేలు ధోళిని తాకింది. అప్పుడు తెర మూలన చిన్న చక్రం తిరగడం చూశాను.

మా ఇంటి వైఫై. ఆ ట్యాబ్ దాన్ని మరిచిపోలేదు.

లాక్కోవాలని చేయి చాచాను. అప్పటికే వచ్చేసింది. 'మీ చేను కొత్త చోటికి మారింది.' ఖాళీ దొడ్డి మీద సోమ్లమ్మ వేలు అలాగే ఉంది.

రవికుమార్ అన్నాడు. "మా తండాల సిగ్నలే ఉండది మేడం. ఆడ తెరిచి ఉంటే..." తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

మంటకు, పొగకు, గ్యాస్‌కు అన్నింటికీ ఏర్పాట్లు చేశాను. నెట్ తీగ పీకడం ఒక్కటీ తోచలేదు. కళ్లద్దాలు తీయాలని కూడా గుర్తులేక అలాగే కూర్చున్నాను. సోమ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి ఆమె వచ్చేది, పాపకు అన్నం పెట్టేది, కుడిచేయి కొంగులో చుట్టుకుని కూర్చునేది. వారానికే గ్లాసు మళ్లీ వణకసాగింది. నేను బంతి కొన్నాను, పిండి ముద్ద ఇచ్చాను, వ్యాయామాల కాగితం గోడకు అంటించాను. "చూస్తలే టీచరమ్మా" అనేది, అంతే. నా చేతులతో నేనే ఆ చేతిని పడగొట్టానని స్కూల్లో పాఠం మధ్యలో గుర్తొచ్చేది.

పదో రోజు బడి నుంచి వచ్చి గేటు తీస్తే పాప గొంతు వినిపించింది. "తర్వాత గెంది."

"గెంది కంటే ముందు ఎవరే? తల్లి లేకుంట బిడ్డె ఎట్లొచ్చింది?"

"చాంది!"

"అగో, గట్ల జెప్పు. కొమ్ములు ఎటు ఉంటయ్ దానికి?"

"కిందికి."

వరండా నిండా సుద్దముక్క గీతలు. నా టేబుల్ మీది డబ్బా ఖాళీ అయి పక్కన పడి ఉంది. కొన్ని గీతలు వంకర, కొన్ని మరీ వణుకు, కొన్నింటికి మూడే కాళ్లు. కానీ కొమ్ములు దేనివి దానికే. సోమ్లమ్మ నేల మీద కూర్చుని, కుడిచేతి వేళ్ల మధ్య సుద్దముక్క బిగించి, పెదవి కొరుకుతూ ఇంకోటి గీస్తోంది. పక్కన పాప గీసిన ట్రాక్టర్ ఒకటి సగం చెరిపేసి ఉంది.

ఆ వేళ్లను చూస్తూ గబగబా రెండడుగులు వేశాను.

"కాలు తియ్ టీచరమ్మా!" అని గద్దించింది సోమ్లమ్మ. "లచ్చి మీద నిలబడ్డవ్."

గభాలున ఎగిరి వెనక్కి దూకాను. చెప్పులు గేటు దగ్గరే వదిలి, ఇల్లంతా చుట్టి, వెనుక తలుపు నుంచి లోపలికి వెళ్లాను.