ముక్కు పెట్టి చూసేవాడు

ఆ ఫ్యాక్టరీలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మేనేజరు నుంచి ఊడ్చే ఆమె దాకా అందరికీ అతను ముక్కుదొరే.

అక్కడ మిఠాయిల్లో, గోళ్ళరంగుల్లో కలిపే ద్రవం తయారుచేస్తారు. సారా బట్టీల్లో మిగిలే ముతక ఆల్కహాల్‌నీ, వెనిగర్ ఘాటుండే ఆమ్లాన్నీ రియాక్టర్‌లో పోసి, కాస్త గంధకామ్లం చేర్చి, పుట్టే నీటిని తీసేస్తూ మరిగిస్తే చివరికి మాగిన అరటిపండు వాసన కొట్టే ద్రవం దిగుతుంది. వాసన తియ్యనిదే గానీ దాని ఆవిరికి నిప్పు తగిలితే ట్యాంకు పేలుతుంది. అందుకే ట్యాంకుకు అతుకు వేసే ముందు లోపల ఆవిరి ఉందో లేదో చూడాలి. చూసే మీటరు చెడిపోయి ఏళ్ళయింది. "ముక్కుదొర ఉండగా మీటరు దండగ" అని యాజమాన్యం నవ్వేసింది. అతను మూత తీసి, తల దూర్చి, వాసన చూసి "ఊఁ" అన్నాకే వెల్డరు నిప్పు వెలిగిస్తాడు. మీటరు కొనకపోవడం తనకు చేసిన గౌరవమే అనుకున్నాడు, పిచ్చి మారాజు.

ఒకరోజు ఇంట్లో అతను పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. పెరట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

"వీధి చివరి దాకా కంపు కొడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంటయ్యా!"

అతను గిన్నెలో మొహం పెట్టాడు. ఏమీ తెలియలేదు. సబ్బు, ఉల్లిపాయ, చెమట చొక్కా, దేనికీ వాసన లేదు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. ముక్కు పోయిందంటే కొలువు పోయినట్టే.

ఆ వారంలోనే మూడో ట్యాంకు కారింది. శుభ్రంగా కడిగామన్నారు. వెల్డరు వేరెవరో కాదు, అతని బావమరిది.

"కానీ బావా, కానీ. ఆలస్యమైతే మీ చెల్లెలు నన్ను గుమ్మంలోనే నిలబెడుతుంది."

అతను తల దూర్చాడు. లోపల చీకటి, వెచ్చదనం. వాసన లేదు. ట్యాంకులోనే లేదా, తన ముక్కుకే అందలేదా?

"ఏమయ్యా, అందులోనే నిద్రపోయావా?" అన్నాడు సూపర్‌వైజరు.

గొంతు దాకా వచ్చిన "ఊఁ"ని మింగి, అతను తల బయటికి తీశాడు.

"వెలిగించకురా. నా ముక్కు చచ్చిపోయింది."

బావమరిది పకపకా నవ్వి, బావ మొహం చూసి ఆగిపోయాడు. తనే తల దూర్చి, వెంటనే వెనక్కి తీశాడు.

"ఉంది బావా. గుప్పుమంటోంది."

ఇదంతా నస్యం అలవాటు వల్లేనని కంపెనీ డాక్టరు తేల్చాడు. అతను జన్మలో నస్యం ముట్టలేదు. ఏళ్ళ తరబడి ఆవిర్లు పీల్పించిన కంపెనీ, పాడైన ముక్కును అతని నెత్తినే రుద్ది ఇంటికి పంపింది. మనిషి ముక్కుకు మీటరుకున్న మర్యాద కూడా దక్కలేదు. చెడిన మీటరునైనా బీరువాలో దాచుకున్నారు.

సాయంత్రం బావమరిది వచ్చాడు.

"ఇకమీదట వాసన కూడా నన్నే చూడమన్నారు బావా. కాదంటే వెల్డింగు పనీ ఉండదట."

"ఒప్పుకున్నావట్రా?" అంది అక్క.

"మరేం చెయ్యనక్కా?"

"మీటరు వచ్చేదాకా లోపలికి పోకు," అన్నాడతను. "రేపు గేటు దగ్గర నీతో నేనూ నిలబడతాను."

"నిలబడు బావా. అందాకా నా పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?"

అయినా తెల్లారగానే అతను వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. బావమరిది తల దించుకుని, అతని భుజం తగలకుండా ఒదిగి, లోపలికి వెళ్ళిపోయాడు.